మార్వెల్ హీరో, డీసీ హీరో ఒకే కవర్ మీద: ఫోన్‌లోనే ఊహా క్రాసోవర్ కామిక్ కవర్ చేయడం ఎలా?

"అన్నా, ఇది ఒకసారి చూడు. 1974 కామిక్ అంట, ఒరిజినల్ ప్రింట్ అంట. నాలుగు వేలకి ఇస్తానంటున్నాడు. తీసుకోనా?"

పోయిన ఏడాది మా కాలేజీ జూనియర్ ఒకడు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ ఇది. కింద ఒక ఫోటో. దుప్పటి మీద పెట్టిన పాత కామిక్, ఒక మూల మడత పడి ఉంది. కవర్ మీద డీసీ వాళ్ల స్వాంప్ థింగ్, మార్వెల్ వాళ్ల మ్యాన్-థింగ్ బురదలో ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. చూడగానే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపులో ఏదో తిప్పినట్టయింది. ఎందుకంటే ఆ కవర్ చేసింది నేనే. నా ట్యాబ్‌లో, రెండు వీకెండ్లు కూర్చుని. ఎవరో దాన్ని డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి, కొంచెం నలిపి అమ్మకానికి పెట్టారు.

"వద్దురా, అది దొంగది" అని రిప్లై ఇచ్చాను. వాడు నమ్మలేదు. "అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావ్?" అన్నాడు. "కింద ఎడమ మూల బార్‌కోడ్ ఉంది చూడు. అమెరికన్ కామిక్స్ మీద బార్‌కోడ్ వచ్చిందే 1976లో. 1974 జనవరి ఇష్యూ మీద ఎలా ఉంటుంది?" అన్నాను. అది నేను తెలియక చేసిన తప్పే. కానీ వాడి నాలుగు వేలు ఆ తప్పు వల్లే మిగిలాయి.

ఈ ఆర్టికల్‌లో అలాంటి కవర్ మొదటి నుంచి చివరి వరకు ఎలా చేయాలో చూద్దాం. నేను చేసిన తప్పులు కూడా మధ్యలో చెప్తాను. చివర్లో మళ్లీ ఆ బార్‌కోడ్ దగ్గరికి వద్దాం.

అసలు ఇవి ఎందుకు చేస్తారు?

రెండు కంపెనీలూ నిజంగా కలిసి చేసిన కామిక్స్ చాలా తక్కువ కాబట్టి. 1976లో సూపర్‌మన్, స్పైడర్‌మన్ ఒకే పుస్తకంలో కలిశారు. మామూలు కామిక్ కంటే చాలా పెద్ద సైజు, ధర 2 డాలర్లు. 1981లో బ్యాట్‌మన్, హల్క్. 1982లో ఎక్స్-మెన్, టీన్ టైటన్స్. 1990ల్లో కొంచెం జోరు పెరిగింది. 2003–04లో కర్ట్ బ్యూసిక్ రాసి, జార్జ్ పెరెజ్ గీసిన జేఎల్‌ఏ/అవెంజర్స్ వచ్చింది. ఆ తర్వాత రెండు కంపెనీల మధ్యా తలుపులు మూసుకుపోయాయి. మళ్లీ తెరుచుకుంది 2025లోనే: సెప్టెంబర్‌లో మార్వెల్ నుంచి డెడ్‌పూల్/బ్యాట్‌మన్, నవంబర్‌లో డీసీ నుంచి బ్యాట్‌మన్/డెడ్‌పూల్. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా గ్యాప్. అన్నేళ్లూ ఖాళీగా కూర్చోవడం ఫ్యాన్స్ వల్ల అవుతుందా? పుస్తకం లేకపోయినా కనీసం దాని కవర్ ఎలా ఉండేదో గీసుకున్నారు.

1976 పుస్తకం నుంచి ఒక పాఠం మాత్రం ఇప్పుడే తీసుకోవాలి. దాన్ని గీసిన రాస్ ఆండ్రూ అంతకుముందు డీసీలో వండర్ ఉమన్, మెటల్ మెన్ గీశాడు. తర్వాత మార్వెల్‌కి వెళ్లి స్పైడర్‌మన్ గీస్తున్నాడు. అంటే రెండు ఇళ్ల భోజనమూ తెలిసిన మనిషి. మీద ఇంక్ వేసింది డిక్ జియోర్డానో. ఇంత సరిపోయే జోడీ దొరికినా, సూపర్‌మన్ బొమ్మల్లో కొన్నింటిని నీల్ ఆడమ్స్, పీటర్ పార్కర్ ముఖాల్లో కొన్నింటిని జాన్ రొమీటా మళ్లీ సరిచేశారు. ఏ హీరో అభిమానికి ఆ హీరో తమ వాడిలాగే కనిపించాలి, కానీ పేజీ మొత్తం ఒక్క చేత్తో గీసినట్టు ఉండాలి. మన ఊహా కవర్‌కి అసలు పరీక్ష కూడా ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

జోడీ కుదర్చడం

చాలామంది చేసే పని: ఎవరికి పవర్ ఎక్కువో చూసి ఇద్దరిని గుద్దించడం. హల్క్, సూపర్‌మన్, మధ్యలో పగిలిన భూమి. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అందులో కథ ఉండదు.

నేను స్వాంప్ థింగ్, మ్యాన్-థింగ్ జోడీ ఎందుకు పట్టుకున్నానంటే, దీని వెనక నిజంగానే ఒక విచిత్రం ఉంది. రెండూ 1971లోనే పుట్టాయి. మే తేదీతో వచ్చిన మార్వెల్ సావేజ్ టేల్స్ మొదటి సంచికలో మ్యాన్-థింగ్, జూలై తేదీతో వచ్చిన డీసీ హౌస్ ఆఫ్ సీక్రెట్స్ 92లో స్వాంప్ థింగ్. మ్యాన్-థింగ్ మొదటి కథ రాసినవాళ్లలో ఒకడు జెర్రీ కాన్వే. స్వాంప్ థింగ్‌ని బెర్నీ రైట్‌సన్‌తో కలిసి సృష్టించింది లెన్ వీన్. ఈ కాన్వే, వీన్ ఆ రోజుల్లో రూమ్మేట్స్! అమీర్‌పేట హాస్టల్లో ఒకే రూంలో ఉంటూ ఇద్దరు రెండు కంపెనీలకు ఒకే యాప్ రాసినట్టు. పైగా మ్యాన్-థింగ్ రెండో కథ రాసింది లెన్ వీనే. 1976లో సూపర్‌మన్, స్పైడర్‌మన్‌లను కలిపిన కథ రాసింది జెర్రీ కాన్వేనే.

ఇక పాత్రల తేడా చూడండి. 1972లో సొంత సిరీస్ మొదలయ్యాక స్వాంప్ థింగ్ లూసియానా చిత్తడి నేలల్లో తిరిగే, మనిషి మనసు పోని జీవి. మ్యాన్-థింగ్ ఫ్లోరిడాలో ఉంటాడు. వాడికి మాట లేదు, ఆలోచన లేదు. ఎదుటివాడి భావోద్వేగం మాత్రం తెలుస్తుంది. భయపడేవాణ్ని వాడు ముట్టుకుంటే కాలిపోతాడు. ఇక్కడే నాకు కవర్ దొరికింది. మ్యాన్-థింగ్ చెయ్యి చాపి స్వాంప్ థింగ్ భుజం పట్టుకున్నాడు. ఆ భుజం నుంచి సన్నగా పొగ లేస్తోంది. అంటే స్వాంప్ థింగ్ భయపడుతున్నాడు. దేనికి? పుస్తకం కొని చదవాలి. పుస్తకం లేదు, అది వేరే సంగతి. కానీ చూసినవాడికి ఆ ప్రశ్న రావాలి.

మీ ఐడియాని ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యంలో "కొట్టుకుంటున్నారు" తప్ప వేరే క్రియ లేకపోతే ఇంకాసేపు ఆలోచించండి. ఇంకో మాట: మొదటిసారే ఇరవై మందిని పెట్టకండి. జేఎల్‌ఏ/అవెంజర్స్ మూడో సంచిక కవర్ మీద పెరెజ్ రెండు జట్ల సభ్యులందరినీ, 200కు పైగా పాత్రల్ని గీశాడు. ఆయన పెరెజ్. మనం కాదు.

కాన్వాస్ సైజు, ర్యామ్ లెక్క

ఇప్పటి అమెరికన్ కామిక్ సైజు 6.625 × 10.25 అంగుళాలు. చుట్టూ 0.125 అంగుళం బ్లీడ్ కలిపితే 6.875 × 10.5. 300 డీపీఐ దగ్గర అది 2063 × 3150 పిక్సెల్స్. ఇదే మీ కాన్వాస్.

ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు అనుకుంటే ఒక లేయర్ దాదాపు 26 ఎంబీ. 20 లేయర్లు వేస్తే 520 ఎంబీ, దాని మీద అన్‌డూ హిస్టరీ అదనం. అందుకే 4 జీబీ ఫోన్‌లో సగం పని అయ్యాక యాప్ టపీమని మూసుకుపోతుంది. 6 జీబీ ఉంటే గట్టెక్కుతారు. 8 జీబీ ఉంటే నిశ్చింత. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ పూర్తవగానే దాని లేయర్లన్నీ మెర్జ్ చేసేయండి. ఒక కాపీ పక్కన దాచుకోండి.

యాప్ విషయానికొస్తే, ఫోన్‌లో ఐబిస్ పెయింట్ చాలు. లేయర్లు, క్లిప్పింగ్, మల్టిప్లై మోడ్, చెయ్యి వణికినా గీత సాఫీగా వచ్చే స్టెబిలైజర్, అన్నీ ఉన్నాయి. ఫ్రీ వెర్షన్‌లో యాడ్స్ మాత్రం భరించాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్ లేదా పీసీ ఉంటే క్రిటా పూర్తిగా ఫ్రీ, సీఎంవైకే కలర్ మోడ్ కూడా ఉంది. ఐప్యాడ్ వాళ్లకి ప్రోక్రియేట్ గురించి నేను చెప్పేదేముంది. ఎస్ పెన్ లాంటి స్టైలస్ ఉంటే హాయి. లేకపోతే వేలితో కూడా అవుతుంది, టైం మూడింతలు పడుతుంది అంతే.

మొదలుపెట్టే ముందు ఒక సెట్టింగ్ మార్చండి. ఆమోలెడ్ ఫోన్లలో డిస్‌ప్లే డిఫాల్ట్‌గా వివిడ్ మోడ్‌లో ఉండటం మామూలే. అందులో ఆకుపచ్చ రంగు చిలకలా మెరుస్తుంది. మీరు దాన్ని చూసి రంగు తగ్గిస్తారు. వేరే ఫోన్‌లో చూస్తే వెలిసిపోయి ఉంటుంది. పని జరిగినంతసేపు నేచురల్ మోడ్‌లో పెట్టండి. నైట్ లైట్ కూడా ఆపేయండి.

అతికించినట్టు ఎందుకు కనిపిస్తుంది?

నా మొదటి కవర్ ఇదే రోగంతో పోయింది. రెండు స్కాన్ల నుంచి ఇద్దరు హీరోలను కట్ చేసి పక్కపక్కన పెట్టాను. రెండు స్టిక్కర్లు. కారణం చాలా రోజులకు గానీ అర్థం కాలేదు: గీతల మందం.

ఒక బొమ్మ 800 పిక్సెల్స్ ఎత్తుంది, ఇంకొకటి 2400. చిన్నదాన్ని మూడింతలు పెంచితే బొమ్మతో పాటు ఇంక్ గీత కూడా మూడింతలు లావవుతుంది. పక్కనున్నవాడి గీత మాత్రం సన్నగానే ఉంటుంది. మన కన్ను కారణం చెప్పలేదు, "ఏదో తేడాగా ఉంది" అంటుంది. దీనికి ఒకటే మందు. ఇద్దరినీ కింద లేయర్‌లో 30 శాతం ఒపాసిటీలో పెట్టి, పైన కొత్త లేయర్‌లో ఒకే బ్రష్‌తో మీరే మళ్లీ ఇంక్ చేయండి. నేను బయటి అంచుకి 9 పిక్సెల్స్, లోపలి వివరాలకి 4 వాడతాను. కెమెరాకి దగ్గరున్న చెయ్యికి ఇంకొంచెం మందం. మీరు గొప్ప ఆర్టిస్ట్ కాకపోయినా పర్లేదు. ఒకే చెయ్యి పడింది కాబట్టి రెండు పాత్రలూ ఒకే ప్రపంచంలోకి వచ్చేస్తాయి. రాస్ ఆండ్రూ పాఠం ఇదే.

రెండోది వెలుగు. స్వాంప్ థింగ్ రిఫరెన్స్‌లో వెలుగు ఎడమ నుంచి పడుతోంది, మ్యాన్-థింగ్‌కి కుడి నుంచి. సులువైన పని ఒకరిని ఫ్లిప్ చేయడం. కానీ ఎవరిని ఫ్లిప్ చేస్తున్నారో చూసుకోండి. స్పైడర్‌మన్‌ని తిప్పితే ఎవరికీ తెలియదు. కెప్టెన్ అమెరికా నుదుటి మీద ఉన్న ఆంగ్ల అక్షరం తిప్పినా అలాగే ఉంటుంది. సూపర్‌మన్ ఛాతీ మీది అక్షరం తిరగబడుతుంది, ఫ్లాష్ మెరుపు అడ్డం తిరుగుతుంది, టూ-ఫేస్ అయితే కాలిన ముఖం అటు నుంచి ఇటు మారిపోతుంది. కామెంట్లలో మీ పని అయిపోయినట్టే.

మూడోది నేల. పాదాలు ఎక్కడ ఆనుతున్నాయి? నీడ ఎక్కడ పడుతోంది? నా కవర్‌లో ఇద్దరూ మోకాళ్ల లోతు బురద నీళ్లలో ఉన్నారు. పాదాలు గీయడం రాక అలా పెట్టానని ఒప్పుకుంటున్నాను. అది కథకు కూడా కలిసొచ్చింది.

రంగులు

ఇద్దరూ ఆకుపచ్చ రాక్షసులే అయితే ఎలా విడదీస్తాం? ముందు కవర్‌ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి, బొటనవేలి గోరంత సైజుకి తగ్గించి చూడండి. ఇద్దరూ కలిసి ఒకే ముద్దలా కనిపిస్తే రంగులు మార్చి లాభం లేదు, వెలుగు నీడలే మార్చాలి. నేను స్వాంప్ థింగ్‌ని పసుపు కలిసిన లేత ఆకుపచ్చలో, వెలుగు వైపు పెట్టాను. మ్యాన్-థింగ్ ముదురు నీలి ఆకుపచ్చలో, వెనక వంకాయరంగు ఆకాశం. ఇద్దరి మధ్య భుజం దగ్గర ఒక్క చోటే నారింజ మంట. కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

పాత కామిక్స్ రంగుల గురించి మన సాఫ్ట్‌వేర్ బుర్రలకు నచ్చే లెక్క ఒకటుంది. లోపలి పేజీల్లో సయాన్, మెజెంటా, పసుపు ఒక్కోటి నాలుగు స్థాయిల్లోనే వాడేవారు: అసలు లేకపోవడం, లేత చుక్కలు, సగం, పూర్తి. 4 × 4 × 4 = 64 రంగులు. అంటే ఛానెల్‌కి రెండు బిట్లు, మొత్తం 6 బిట్ కలర్! 64 చిన్న గళ్ల పాలెట్ ఒకటి చేసి పెట్టుకుని అందులోంచే ఎంచుకుంటే కవర్‌కి ఆ కాలం వాసన దానంతట అదే వస్తుంది.

ఇక హాఫ్‌టోన్ చుక్కలు. రెట్రో అనగానే అందరూ కవర్ నిండా గోళీలంత చుక్కలు చల్లేస్తారు. అది తప్పు. కవర్లు లోపలి న్యూస్‌ప్రింట్ మీద కాకుండా నున్నటి మెరుగైన కాగితం మీద అచ్చయ్యేవి. చుక్కలు లోపలి పేజీల కంటే బాగా సన్నగా ఉండేవి. కాబట్టి చుక్కల సైజు తగ్గించండి, ఒపాసిటీ 15 శాతం దాటనివ్వకండి. దానికి బదులు మెజెంటా లేయర్‌ని రెండు పిక్సెల్స్ పక్కకి జరపండి. ప్రెస్‌లో రంగు కాస్త తప్పిన ఫీల్ వస్తుంది. నిజానికి కవర్ పాతదని నమ్మించేది ఇలాంటి చిన్న లోపాలే.

పైన టైటిల్, మూలన పెట్టె

టైటిల్ ఎప్పుడూ పైనే ఎందుకు ఉంటుంది? దుకాణం ర్యాక్‌లో పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పెడితే పై భాగమే కనబడుతుంది కాబట్టి. మార్వెల్ ఎడమ మూలన హీరో బొమ్మతో చిన్న పెట్టె పెట్టింది కూడా అందుకే. కాబట్టి పై మూడో వంతు టైటిల్‌కి వదిలేసి మిగతా చోట బొమ్మ గీయండి. బొమ్మంతా అయ్యాక టైటిల్‌కి చోటు వెతికితే ఎవరో ఒకరి తల పోతుంది.

తర్వాత ధర. 1960ల్లో చాలాకాలం 12 సెంట్లు. 1969 నుంచి 15. 1972–74లో 20. తర్వాత 25, 1976కల్లా 30. మీరు ఎంచుకున్న ఏడాదికి ధర సరిపోవాలి. కామిక్స్ కోడ్ అథారిటీ స్టాంపు లాంటి ముద్ర కూడా చూసుకోండి. ఆ సంస్థ 1954లో మొదలైంది, మార్వెల్ 2001లో వదిలేసింది, డీసీ 2011లో. అంటే 1974 కవర్ మీద స్టాంపు ఉండటం మామూలు, 2015 కవర్ మీద ఉంటే జోక్. బార్‌కోడ్ సంగతి మీకు తెలిసిందే.

ప్రింట్ తీసేవాళ్లకి మాత్రం ఒక మాట. నేను మొదటిసారి బ్లీడ్ లేకుండా, ఆర్‌జీబీ ఫైల్ తీసుకుని ఒక ప్రింటింగ్ షాప్‌కి వెళ్లాను. టైటిల్ పైభాగం కత్తెరకి పోయింది, వంకాయరంగు ఆకాశం బురద రంగులో వచ్చింది. తప్పు నాదే. అక్షరాలన్నీ కటింగ్ గీత నుంచి కనీసం పావు అంగుళం లోపల ఉంచండి, ముందే సీఎంవైకే ప్రివ్యూ చూడండి. ఫ్రెండ్స్‌కి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే సన్న గీతలన్నీ పిండి పిండి అయిపోతాయి.

ఇది ఎవరిది?

కవర్‌లో ఐడియా మీది, గీత మీది. పాత్రలు మీవి కావు. మన కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 సొంత వాడకానికి, విమర్శకి కొంత వెసులుబాటు ఇస్తుంది. టీషర్ట్ మీద వేసి అమ్ముకోవడానికి అది లైసెన్స్ కాదు. ఈ రెండు కంపెనీలు మార్కెట్‌లో ఎంత పోటీ పడ్డా హక్కుల దగ్గర మాత్రం ఒకటే మాట. అమెరికాలో "సూపర్ హీరోస్" అనే మాట మీద ట్రేడ్‌మార్క్‌ని దశాబ్దాల పాటు ఇద్దరూ ఉమ్మడిగా ఉంచుకున్నారు. 2024లో అక్కడి ట్రేడ్‌మార్క్ బోర్డు దాన్ని రద్దు చేసింది. దానివల్ల బ్యాట్‌మన్ మనవాడైపోలేదు.

రిఫరెన్స్‌గా ఎవరి బొమ్మ వాడితే వాళ్ల పేరు పోస్ట్‌లో రాయండి. నా కవర్‌లో స్వాంప్ థింగ్ భుజాల వంపు బెర్నీ రైట్‌సన్ బొమ్మలు చూసి నేర్చుకున్నదే. మొదటిసారి పోస్ట్ చేసినప్పుడు ఆయన పేరు రాయలేదు. అది ఊహాచిత్రం అని కూడా ఎక్కడా రాయలేదు. "నిజంగా ఇలాంటిది వచ్చిందా?" అని ఎవరో కామెంట్ పెడితే కన్ను కొట్టే ఎమోజీ పెట్టి ఊరుకున్నాను. అప్పుడది సరదా అనిపించింది. జూనియర్ మెసేజ్ వచ్చాక ఆ ఎమోజీని వెతికి మరీ డిలీట్ చేశాను.

ఇప్పుడు నేను ఫాలో అయ్యే పద్ధతి ఇది. రెండు కంపెనీల అసలు లోగోలు వాడను, మూల పెట్టెలో ఒక ఉత్తుత్తి పబ్లిషర్ పేరు పెడతాను. కాగితం పాతబడినట్టు, మడతలు పడినట్టు ఎఫెక్ట్ వేసిన వెర్షన్‌ని ఫుల్ రిజల్యూషన్‌లో ఎక్కడా పెట్టను. పోస్ట్ చేసేది 1080 పిక్సెల్స్ వెడల్పుదే. కోడ్ స్టాంపు ఉండాల్సిన చోట అదే ఆకారంలో, అదే సైజులో "ఊహాచిత్రం" అని రాస్తాను. దూరం నుంచి స్టాంపులాగే ఉంటుంది. దగ్గరికొస్తే చదవొచ్చు. క్రాప్ చేద్దామన్నా టైటిల్ కూడా పోతుంది.

నా జూనియర్ ఆ అమ్మేవాడికి బార్‌కోడ్ సంగతి మెసేజ్ పెట్టాడు. అటు నుంచి రిప్లై లేదు. లిస్టింగ్ రెండు రోజుల్లో మాయమైంది. ఇంకెవరైనా కొన్నారా, వాడే తీసేశాడా తెలియదు. మా వాడు మాత్రం ఐబిస్ పెయింట్ ఇన్‌స్టాల్ చేసి బ్లూ బీటిల్, యాంట్-మ్యాన్ కవర్ మొదలుపెట్టాడు. ఇంకా గీతల మందం దగ్గరే కుస్తీ పడుతున్నాడు.

నేను స్వాంప్ థింగ్ కవర్‌ని మళ్లీ చేశాను. లైన్లు సరిచేశాను, రైట్‌సన్ పేరు రాశాను, ధర 20 సెంట్లే ఉంచాను. బార్‌కోడ్ మాత్రం తీయలేదు. కాకపోతే దాని కింద ఉన్న అంకెలు మార్చాను. జూమ్ చేసి చూస్తే నేను ఆ ఫైల్ సేవ్ చేసిన తేదీ కనిపిస్తుంది.